పది నుంచి అరవై దాకా

ఇన్‌స్పెక్టర్ గారు చేపలు పట్టరు. గాలానికి ఎర గుచ్చడం ఆయనకు రాదు, నేర్చుకునే ఉద్దేశం కూడా లేదు. చేపను చేత్తో పట్టుకోవలసి వస్తే ముందు జేబురుమాలు వెతుక్కుంటారు. అయినా ఆ చెరువులో పడిన చేప ఎంత పొడుగన్నది ఆయన చెబితేనే తేలుతుంది. ఆయన అరవై రెండు అంటే అరవై రెండు. దాని మీద అప్పీలు లేదు.

ఇన్‌స్పెక్టర్ అంటే పోలీసు అనుకునేరు. ఆయనది తూనికలు, కొలతల శాఖ. ముప్పై ఒక్క సంవత్సరాలు సంచిలో ఇత్తడి తూకపురాళ్ళు, ఉక్కు స్కేలు వేసుకుని కొట్టు కొట్టుకూ తిరిగారు. ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, త్రాసులకు దుమ్ము దులిపేవారు. బట్టల కొట్లలో అరిగిన మీటరు బద్ద బల్ల కిందికి పోయి కొత్తది పైకి వచ్చేది. ఆయన లంచం పుచ్చుకోలేదు. పుచ్చుకోకపోవడంలో గొప్పేమీ లేదు, ఇచ్చే గుండె ఎవరికీ లేకపోయిందంటాడు ఆయన బావమరిది. వెనకాల అందరూ 'మిల్లీమీటరు' అని పిలిచేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. లోలోపల సంతోషించారు కూడా.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం పై అధికారి ఆయనకు ఒక పాఠం చెప్పాడు. స్కేలు చివరను నమ్మకూడదు. వాడగా వాడగా మొదట అరిగేది చివరే. అందుకని పది గీత దగ్గర మొదలుపెట్టి అరవై గీత దాకా చూడాలి. మధ్యలో సరిగ్గా యాభై ఉంటే స్కేలు మంచిది, లేకపోతే ముద్ర వెయ్యకూడదు. ఇన్‌స్పెక్టర్ గారు ఆ పాఠాన్ని ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇంట్లో వడ్రంగి పుస్తకాల బీరువా బిగించినా పది నుంచే కొలిచారు. రెండు మిల్లీమీటర్ల వాలు తేలింది. వడ్రంగి మూడుసార్లు వచ్చి సరిచేసి, నాలుగోసారి పిలిస్తే ఊళ్ళో లేనని కబురు పంపాడు.

రిటైరైన మూడో నెలలో ఆయన భార్య తన తమ్ముడికి ఫోన్ చేసింది.

"మీ బావని ఎక్కడికైనా తీసుకుపోరా. నిన్న పాల ప్యాకెట్టు గిన్నెలో పోసి కొలిచారు. ఇవాళ పొద్దున్నుంచీ సబ్బు బిళ్ళల్ని తూస్తున్నారు. నావల్ల కాదు."

ఆ తమ్ముడు పంపులు, పైపులు అమ్ముతాడు. మాటకారి. ఆదివారం వచ్చిందంటే కొట్టు మూసేసి చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చుంటాడు. అతనిలాంటి వాళ్ళు నలభై మంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘంలో అన్నీ ఉన్నాయి, ఒక్క కొలతే లేదు. ఒకడు జానలతో చూపిస్తాడు, ఒకడు గాలం కర్రతో పోల్చి చెబుతాడు. చచ్చినోడి కళ్ళు చారెడన్నట్టు, జారిపోయిన చేప ప్రతిదీ బారెడే. పోటీ పెట్టుకున్న ప్రతిసారీ సాయంత్రానికి సగం మంది సగం మందితో మాట్లాడటం మానేసేవారు. అలాంటి చోటికి బావమరిది ఇన్‌స్పెక్టర్ గారిని తీసుకువెళ్ళాడు. ఎండిన పొలానికి కాలవ తవ్వినట్టయింది.

మొదటి వారమే ఆయన ఒక బల్ల తయారుచేశారు. నున్నగా చిత్రిక పట్టిన టేకు పలక, దాని మీద మీటరు పొడుగు ఉక్కు స్కేలు. స్కేలును పాత ఆఫీసుకు తీసుకువెళ్ళి, అక్కడి ప్రమాణంతో పది నుంచి అరవై దాకా సరిచూసుకుని మరీ బిగించారు. తీరా ఆదివారం గట్టు మీద మొదటి చేపను పడుకోబెడితే అది సర్రున జారి అవతల పడింది. చేపకు తల ఆనించే అడ్డు ఒకటి కావాలని అప్పుడు తెలిసింది. ఎవరిదో సుత్తి అడిగి పుచ్చుకుని, ఒక చెక్క ముక్కను బల్ల మొదట్లో అడ్డంగా పెట్టి నాలుగు మేకులు కొట్టారు. నలభై మందీ చుట్టూ నిలబడి చూశారు.

తరవాత నిబంధనలు రాశారు. చేప ముట్టె అడ్డుచెక్కను తాకాలి, నోరు మూసి ఉండాలి. నోరు తెరిస్తే చేపైనా మనిషైనా ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తారని ఆయన వివరణ. తోక రెండు కొసలనూ దగ్గరకు నొక్కాలి. ఫోటో నిట్టనిలువుగా పైనుంచి తియ్యాలి, పక్కనుంచి తీస్తే గీత ఒకచోట, తోక ఇంకోచోట పడతాయి. స్కేలు మొదటి సున్నా నుంచి తోక చివర దాకా అంతా ఫోటోలో కనిపించాలి, వేలు అడ్డం రాకూడదు. ఆ రోజు ఇచ్చిన నంబరు చీటీ చేప పక్కన ఉండాలి, లేకపోతే కిందటేడాది చేప ఈ ఏడాది కూడా బహుమతి కొట్టేస్తుంది. ఇదంతా నిమిషంలో ముగించి చేపను నీళ్ళలో వదిలెయ్యాలి. చచ్చిన చేపకు కొలత లేదు.

ఇంత చెప్పినా వేషాలు వేసేవాళ్ళు వేశారు. ఒకతను అంకెలున్న స్టిక్కరు టేపు మధ్యలో ఒక సెంటీమీటరు కత్తిరించి, మళ్ళీ అతికించి, ఎవరూ చూడకుండా బల్ల స్కేలు మీద అంటించి ఫోటో తీశాడు. ఇన్‌స్పెక్టర్ గారు ఫోటో చూసి, "ముప్పై ఆరు ఏమైంది?" అని మాత్రం అడిగారు. ఆ మనిషి ఆ ఏడు మళ్ళీ గట్టు మీద కనిపించలేదు. ఇంకొకతను పాత ఫోటోకి కొత్త చీటీ అతికించి పంపితే, వీపు మీద ఊడిన పొలుసును బట్టి చేపను గుర్తుపట్టారు. చేపల్ని గుర్తుపట్టే మనిషి ఎదురింటాయన్ని గుర్తుపట్టరని ఆయన భార్య ఫిర్యాదు.

అలా ఏళ్ళు గడిచాయి. ఆయనకు ఆస్తులు పెద్దగా లేవు. రెండు గదుల ఇల్లు, పింఛను, మోకాళ్ళ నొప్పి. వీటన్నిటికన్నా విలువైనది ఒకటుంది: ఆయన ఒక అంకె చెప్పాక దాన్ని ఎవరూ మళ్ళీ కొలవరు. గట్టు మీద గొడవలు ఆగిపోయాయి. ఆయన అంకె చెప్పగానే అందరూ తలలూపి, రాసుకుని, లేచి వెళ్ళిపోయేవారు. సర్వీసు మొత్తం మీద కూడా ఆయనకు అంత గౌరవం దక్కలేదు. దుకాణాలవాళ్ళు కనీసం గొణిగేవారు.

నాలుగో ఏడు బావమరిదికి ఒక బంగారుతీగ పడింది. మీసాలున్న పెద్ద చేప. బల్ల మీద ఎనభై ఒక్క సెంటీమీటర్లు, ఒక్క మిల్లీమీటరు ఇటూ అటూ లేదు. ఆ చెరువులో అంత పొడుగుది అంతకుముందు లేదు, తరవాత ఏడేళ్ళు రాలేదు. ఆ ఫోటో బావమరిది కొట్టులో ధరల పట్టిక కన్నా పెద్ద ఫ్రేములో ఉంది. అరంగుళం పైపు కోసం వచ్చినవాడు కూడా ఆ కథ విన్నాకే పైపు పట్టుకుని బయటపడాలి. చేప కథలో ఏడేళ్ళలో చాలా మార్పులొచ్చాయి. మొదట అది పది నిమిషాలు పోరాడింది, ఇప్పుడు గంటన్నర పోరాడుతోంది. మారనిది ఎనభై ఒకటే, ఎందుకంటే అది ఇన్‌స్పెక్టర్ గారు చెప్పింది.

రెండేళ్ళ కిందట పద్ధతి మారింది. చెరువు పెద్దది, మనుషులు పెరిగారు, చేపను బల్ల దాకా మోసుకురావడంలో అది సగం చస్తోంది. అందుకని ఎవరి బల్ల వాళ్ళే తెచ్చుకుని, పట్టిన చోటే ఫోన్‌తో ఫోటో తీసి పంపాలన్నారు. ఇన్‌స్పెక్టర్ గారు సీజను మొదట్లో అందరి బల్లలనూ పది నుంచి అరవై దాకా సరిచూసి సంతకం పెడతారు. గట్టు మీద షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చుని ఫోటోలు చూసి అంకె చెబుతారు. టేకు బల్ల ఇంటికి వెళ్ళి మంచం కిందకు చేరింది.

సరిగ్గా అప్పుడే టైలరమ్మ సంఘంలో చేరింది. బస్టాండు పక్కన రెండు మిషన్లు వేసుకుని కుట్టే మనిషి. వారమంతా వంగి కుట్టి నడుము పట్టేస్తే, ఆదివారమైనా బయట గాలిలో కూర్చోమని డాక్టరు చెప్పాడట. కూర్చోవడం ఎలాగూ తప్పదు కదా అని గాలం కొనుక్కుంది. ఎవరితోనూ మాట్లాడదు. పక్కవాడు పలకరిస్తే తలూపుతుంది. ఆమె పంపే ఫోటోలు చూస్తే ఇన్‌స్పెక్టర్ గారికి కడుపు నిండినట్టుండేది. చేప వంకర లేదు, వేలు అడ్డం లేదు, నీడ లేదు. కొలత అంటే ఏమిటో తెలిసిన చెయ్యి అది.

ఈ ఏడాది ఆఖరి ఆదివారం ఆమెకు ఒక బంగారుతీగ పడింది. ఫోటో వచ్చింది. ఆయన దాన్ని పెద్దది చేసి చూశారు, ఇంకా పెద్దది చేసి చూశారు. ఎనభై పాయింట్ ఎనిమిది. షెడ్డు బయట అందరూ మూగి ఉన్నారు. బావమరిది ముందు వరసలో ఉన్నాడు, మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎనభై పాయింట్ ఎనిమిది. రెండు మిల్లీమీటర్లు తక్కువమ్మా," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. "ఫోటో మాత్రం చాలా బాగుంది."

ఆమె కాసేపు చెరువు వైపు చూసింది. చేప ఎప్పుడో వెళ్ళిపోయింది.

"మీరు చెప్పారంటే అంతే కదా సార్," అంది. అప్పటిదాకా ఆమె సంఘంలో అన్నిటికన్నా పొడుగ్గా మాట్లాడిన వాక్యం అదే.

సంఘం అధ్యక్షుడు మందుల షాపు ఆయన. నెమ్మదస్తుడు, ఎవరినీ నొప్పించడు. చేదు మందు కూడా తియ్యగా ఉంటుందని చెప్పి అమ్ముతాడు. ఏటా జరిగే సమావేశంలో ఆ రెండు చేపల ఫోటోలూ గోడ మీద పక్కపక్కన పెడితే బాగుంటుందని అతనికి తోచింది. అచ్చంగా చేపంత సైజులో వేయించమని ఇన్‌స్పెక్టర్ గారికే అప్పగించాడు. ఇంకెవరికి అప్పగిస్తాడు?

బుధవారం మధ్యాహ్నం స్టూడియో ఆయన రెండు పొడుగాటి ప్రింట్లు బల్ల మీద పరిచాడు. ఇన్‌స్పెక్టర్ గారు ఒకదాని కింద ఒకటి పెట్టి గీతలు కలిపారు. పది మీద పది, అరవై మీద అరవై, ఎనభై మీద ఎనభై. అన్నీ అతికినట్టు కలిశాయి. కుడి పక్కన బావమరిది చేప తోక రెండు మిల్లీమీటర్లు ముందుకు ఉంది. ఉండాలి. ఎడమ పక్కకు చూశారు. టైలరమ్మ చేప ముట్టె బావమరిది చేప ముట్టె కన్నా అవతలకు పొడుచుకు వచ్చింది.

"నీ ప్రింటు తప్పయ్యా," అన్నారు.

"రెండూ ఒకే మిషన్‌లో తీశాను సార్. గీతలు కలిశాయి కదా, మీరే కలిపారు."

ఆయన జేబులోంచి స్కేలు తీసి మొదట స్టూడియో ఆయన పనితనం కొలిచారు. అందులో లోపం లేదు. తరవాత పాత ఫోటో ఎడమ చివర కళ్ళద్దాలు ఆనించి చూశారు. అడ్డుచెక్క ఉంది, దాని పక్కన ఒకటి అంకె ఉంది. వాటి మధ్య సెంటీమీటరు ఉండాలి. ఆరు మిల్లీమీటర్లే ఉంది. సున్నా ఎక్కడా లేదు. అది అడ్డుచెక్క కింద ఉంది, నాలుగు మేకుల కింద, పదకొండేళ్ళుగా.

ఇంటికి వచ్చి మంచం కింద నుంచి బల్ల లాగి చూశారు. బల్ల కూడా అదే చెప్పింది. చెక్కను అంచుకు పెట్టబోయి స్కేలు మీదకు నాలుగు మిల్లీమీటర్లు జరిపి కొట్టేశారు. ఆ తరవాత ప్రతి ఏడూ సరిచూశారు, ఒక్క ఏడు కూడా మానలేదు. పది నుంచి అరవై దాకా. తప్పు సున్నాకీ ఒకటికీ మధ్య కూర్చుని ఉంది. మామూలు మనిషి ఎవడైనా స్కేలు మొదటి నుంచే చూస్తాడు, మొదటి రోజే పట్టేసుకునేవాడు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. ఈ గింజ ఊరందరి నలుపునూ మిల్లీమీటర్లలో రాసిపెట్టింది కూడా.

ఆ బల్ల మీద పడుకున్న ప్రతి చేపా ఉన్నదానికన్నా నాలుగు మిల్లీమీటర్లు పెరిగింది. అన్నీ సమానంగా పెరిగాయి కాబట్టి పాత బహుమతుల్లో తేడా రాదు. తేడా ఒక్కచోటే. బావమరిది చేప అసలు పొడుగు ఎనభై పాయింట్ ఆరు. టైలరమ్మది కొత్త బల్ల, సున్నా కంటి ముందుంది. ఎనభై పాయింట్ ఎనిమిది. రికార్డు ఆమెది.

ఆయన రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగారు. కొళాయి కారుతున్నా ఏమీ అనలేదు. భార్య చెయ్యి పెట్టి నుదురు చూసింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఫోటోలో ఆరు మిల్లీమీటర్లను ఎవరు చూస్తారు? చెబితే ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు, పదకొండేళ్ళ పరువు, బావమరిది ఫ్రేము అన్నీ ఒక్కసారే గోడ దిగుతాయి. ఇంకో దారి కూడా తట్టింది. టైలరమ్మ ఫోటో మళ్ళీ చూశాననీ, మొదట పొరబడ్డాననీ, అది ఎనభై ఒకటి పాయింట్ ఒకటి అనీ చెప్పెయ్యవచ్చు. ఆమె రికార్డు ఆమెకు దక్కుతుంది, బల్ల మంచం కిందే ఉంటుంది. జీవితంలో మొదటిసారి ఆయన ఒక దొంగ కొలత గురించి పావుగంట ఆలోచించారు. ఆ పావుగంట సంగతి ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం భార్యకు చెప్పారు. ఆవిడ కూరగాయలు తరుగుతోంది. అంతా విని కత్తిపీట పక్కకు పెట్టింది.

"ముందు మావాడికి చెప్పండి. నలుగురిలో వినకూడదు వాడు," అంది.

ఆయన కొట్టుకు వెళ్ళారు. బావమరిది ఒక్కడే ఉన్నాడు, నెత్తి మీద ఫ్రేములో చేప ఉంది. ఆయన నోరు తెరిచారు. "అరంగుళం వాషరుందా?" అని అడిగారు. ఉంది. తీసుకుని వచ్చేశారు. కొళాయి బాగయింది.

శనివారం సాయంత్రం సమావేశం. ప్లాస్టిక్ కుర్చీల్లో అరవై మంది. ఇన్‌స్పెక్టర్ గారు బల్లను పాత దుప్పటిలో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చారు. మందుల షాపు ఆయన మైకు ఇవ్వబోతే వద్దని, బల్లను టేబుల్ మీద పెట్టి దుప్పటి విప్పారు. రెండు ప్రింట్లూ గోడకు అంటించారు.

"ఈ బల్ల తప్పు. చేసింది నేను," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం దుప్పటిని మడుస్తూ మళ్ళీ విప్పుతున్నాయి. "అడ్డుచెక్క సున్నా మీద కొట్టాను. తొమ్మిదేళ్ళు ఈ బల్ల మీద నేను చెప్పిన ప్రతి అంకెలోనూ నాలుగు మిల్లీమీటర్లు తీసెయ్యాలి. నేనే రాసిన నిబంధన ప్రకారం సున్నా కనపడని ఫోటో చెల్లదు. మావాడి చేప ఎనభై పాయింట్ ఆరు. ఈ చెరువులో రికార్డు టైలరమ్మ గారిది. ఇది నా రాజీనామా."

 ఒకతను చెప్పుల వైపు చూశాడు. ఇంకొకతను దగ్గాడు. మందుల షాపు ఆయన రాజీనామా కాగితాన్ని మందుల చీటీలాగా మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "చూద్దాం లెండి," అన్నాడు. ఇంత పెద్ద మాట విని నోట మాట రాక అలా ఉన్నారని ఇన్‌స్పెక్టర్ గారు అనుకున్నారు.

వెనక వరస నుంచి టైలరమ్మ లేచింది.

"అయితే నాదే పొడుగా సార్?"

"నీదేనమ్మా. రెండు మిల్లీమీటర్లు."

"మా పనిలో అయితే అది కుట్లలో పోతుంది సార్," అని కూర్చుంది. కూర్చున్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వుకుంది. ఆమె అంత సంతోషపడటం చూసి ఇన్‌స్పెక్టర్ గారికి మూడు రోజుల తరవాత మొదటిసారి ఊపిరి ఆడింది.

తిరిగి వచ్చేటప్పుడు బావమరిది బల్ల తను పట్టుకుంటానన్నాడు. రెండు వీధులు దాటాక బావమరిది నోరు విప్పాడు. 

"బావా, కోపం తెచ్చుకోనంటే ఒక మాట."

"నాకెందుకురా కోపం. నీ రికార్డు పోగొట్టింది నేను."

"అది కాదు. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ నాలుగు మిల్లీలు. నువ్వు మేకు కొడుతుంటేనే చూశాను. సుత్తి నాదే కదా."

ఇన్‌స్పెక్టర్ గారు ఆగిపోయారు. "మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నలభై మంది ముందు, 'సున్నా మీద కొడుతున్నావు బావా' అనమంటావా? నువ్వు రిటైరై మూడు నెలలు. అక్క ఫోన్‌లో ఏడ్చింది. ఆ రోజు సుత్తి పట్టుకున్నాక నీ మొహం మళ్ళీ మొహంలా ఉంది. తరవాత ఎప్పుడైనా చెబుదాంలే అనుకున్నాను. తరవాత చెప్పడానికి ఇంకా కష్టమైపోయింది."

"ఇంకెవరికి తెలుసు?"

బావమరిది బల్లను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"అందరికీ బావా."

"మందుల షాపు ఆయనకి?"

"ఎవరూ అనొద్దని మాకు చెప్పిందే ఆయన. కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజే చెప్పేవాళ్ళం. ఇక్కడ లోతు ఎక్కువ, అక్కడ నాచు ఉంది, ఇన్‌స్పెక్టర్ గారి బల్ల నాలుగు ఎక్కువ, ఎవరూ ఏమీ అనకండి, అని. అందరికీ ఒకే బల్ల కదా, ఎవరికి నష్టం? ఎనభై ఒకటి అని చెప్పినప్పుడల్లా నేను లోపల నాలుగు తీసేసుకునేవాణ్ణి."

"టైలరమ్మకి?"

"ఆవిడకి తెలీదు. ఆవిడ వచ్చేసరికి బల్ల నీ మంచం కిందికి పోయింది. ఇంక చెప్పే పనేముందిలే అనుకున్నాం. మొన్న నువ్వు రెండు తక్కువ అనగానే నా గుండె జారిపోయింది. నిన్న నువ్వు కొట్టుకొచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. నువ్వేమో వాషరు అడిగావు." కాస్త ఆగి, "రికార్డు మీద ఆశ కూడా ఉందనుకో," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ గారికి తల కొట్టేసినట్టయింది. తప్పు చేశానని తెలిసిన రోజు కూడా అంత సిగ్గు వెయ్యలేదు. తన మాటకు ఎదురు లేదని పదకొండేళ్ళు మురిసిపోయారు. ఎదురు లేకపోవడం గౌరవం కాదు, జాలి. నోట్లో నువ్వుగింజ నానని ఈ మనిషి, పక్కవాడి ఎర ఏమిటో ఊరంతా చెప్పుకునే ఆ మనుషులు, అంతమందీ కలిసి ఒక్క మాటను అన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నారు. ఆయన కోసం. ఆ దయ ఆయనకు మింగుడు పడలేదు, ఉమ్మెయ్యడానికీ మనసు రాలేదు. బల్ల ఇటివ్వమని తీసుకుని, మిగిలిన దారంతా తనే మోశారు. ఇంటికి చేరాక మేకులు ఊడబెరికారు. భార్య దీపం పట్టుకుని నిలబడింది. ఆవిడకు కూడా తెలుసా అని ఆయన అడగలేదు.

కొత్త సీజను మొదలైంది. రాజీనామా చొక్కా జేబులోనే ఉండి చాకిరేవుకు వెళ్ళిందని మందుల షాపు ఆయన చెప్పాడు. ఇంకో కాగితం రాసిస్తానంటే, ముందు కూర్చోండి, ఫోటో వచ్చింది అన్నాడు. ఇన్‌స్పెక్టర్ గారు షెడ్డులో కుర్చీ మీద కూర్చున్నారు. బైకు మెకానిక్కు పట్టిన చేప. ముట్టె చెక్కను తాకింది, నోరు మూసుకుంది, చీటీ ఉంది. సున్నా ఉంది. అది మొదట చూశారు.

"అరవై రెండు పాయింట్ మూడు," అన్నారు.

వెనక పెన్ను చప్పుడు వినిపించలేదు. కుర్చీలు జరిగిన చప్పుడూ లేదు. ఆయన వెనక్కి తిరిగారు. మందుల షాపు ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అతని పక్కన మెకానిక్కు, వాళ్ళ భుజాల మీంచి బావమరిది. టైలరమ్మ మెడలోంచి టేపు తీసి చేత్తో పట్టుకుంది.

"ఒక్కసారి మళ్ళీ చూడండి సార్," అన్నాడు మందుల షాపు ఆయన. అన్నేళ్ళలో ఆయనతో ఎవరైనా ఆ మాట అనడం అదే మొదలు.

"నాకు నాలుగులా ఉంది," అన్నాడు మెకానిక్కు.

"నాలుగెక్కడుందిరా, రెండే అయితేను. బావా, ఆ తోక దగ్గర ఇంకాస్త పెద్దది చెయ్యి," అన్నాడు బావమరిది.

ఇన్‌స్పెక్టర్ గారికి చెవులు వేడెక్కాయి. మనసు కలుక్కుమంది, దాచడానికేమీ లేదు. పోయింది పోయింది, ఇక ఆ రోజులు రావు. అయితే చాలా ఏళ్ళుగా తన చుట్టూ మెత్తగా నడిచిన మనుషులు ఇవాళ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి నెత్తి మీద వంగడం కూడా ఆయనకు తెలిసింది. ఆయన మళ్ళీ కొలిచారు. సున్నా దగ్గర మొదలుపెట్టి, ఒక్కో గీత మీదా వేలు పెట్టి, అందరికీ వినపడేలా లెక్కపెట్టారు.

అరవై రెండు పాయింట్ మూడు. మొదట చెప్పిందే.

ఎవరూ రాసుకోలేదు. మెకానిక్కు ఇంకా నాలుగే అంటున్నాడు. టైలరమ్మ కూడా ఒకసారి తెర వైపు, ఒకసారి తన టేపు వైపు చూస్తోంది. ఇన్‌స్పెక్టర్ గారు కుర్చీ కొంచెం పక్కకు జరిపి అందరికీ చోటిచ్చి, మూడోసారి కొలవడం మొదలుపెట్టారు.